హైస్కూల్ పిల్లకాయలతో తోలుబొమ్మలాట ఆడించాలని ఉంది, ఎట్టా మొదలుపెట్టాలి?

కావలి_తెలుగు_టీచర్:

నమస్తే అండి అందరికీ. నేను కావలి దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో తెలుగు చెప్తుంటాను. ఈ సంవత్సరం 8, 9 తరగతుల పిల్లకాయలతో తోలుబొమ్మలాట ఆడించాలని గట్టిగా అనుకుంటున్నా. దాని గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉంటారని ఈ పోస్టు పెడుతున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

సంగతేందంటే మా 9వ తరగతిలో ఒక పిల్లోడుండాడు, వాళ్ల తాత ఒకప్పుడు ఊరూరా తిరిగి బొమ్మలాట ఆడిన మనిషి. మొన్న ఆదివారం ఇంటికి పోయి కలిశాను. డెబ్భై దాటినాయి, చూపు కొంచెం మసక, గొంతు మాత్రం ఇంకా ఖంగున మోగుతుంది. అటక మీద నించి పెట్టె దింపించి దణ్ణం పెట్టుకుని ఒక్కో బొమ్మ బయటికి తీశాడు. రావణాసురుడి బొమ్మ నా గడ్డం దాకా వచ్చింది. దాన్ని గుమ్మంలో ఎండకి ఎదురుగా పట్టుకుంటే ఆ ఎరుపూ ఆకుపచ్చా అన్నీ పోయి గచ్చు మీద పడ్డాయి, నాకు మాట రాలేదు. కొడుకులిద్దరూ చెన్నైలో సెంట్రింగ్ పనికి పోతారంట, మనవడికి ఒక్క పద్యం కూడా రాదంట. "పిల్లకాయలు నేర్చుకుంటామంటే నేనెందుకు కాదంటానమ్మా" అన్నాడు. ఆ మాట విన్నాక నేను వెనక్కి పోయేది లేదు.

ఇప్పుడు నా అనుమానాలు. మా హెచ్ఎం గారు మంచివారే కానీ యాన్యువల్ డేకి పది నిమిషాలు చాలమ్మా అంటున్నారు, రాత్రంతా ఆడే ఆటని పది నిమిషాలకి కుదిస్తే ఏం మిగులుద్ది? మా సైన్స్ సార్ ఏమో పెద్దాయన్ని ఫోన్లో మొత్తం వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టెయ్యండి, అదే కాపాడటం, ఎందుకు ఇంత శ్రమ అంటాడు. ఇంకోటి, బొమ్మలాటలో జనాన్ని నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్క బొమ్మల మాటలు కొంచెం పచ్చిగా ఉంటాయి కదా, అవి తీసేస్తే ఆట చప్పగా అయిపోదా, ఉంచితే తల్లిదండ్రులు ఊరుకుంటారా. అసలు బొమ్మలు పిల్లకాయల చేతికి ఇవ్వొచ్చా? ఏ కథ తీసుకుంటే బాగుంటుంది? పెద్దాయనకి ఎంత ఇవ్వాలి, ఎట్టా ఇవ్వాలి? చేసినవాళ్లు, చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి.


దర్శి_బొమ్మల_ఇల్లు:

టీచరమ్మా మీ పోస్టు చదివి మా అమ్మకి కూడా చదివి వినిపించాను, ఆమె చానా సంతోషపడింది. మాది దర్శి వైపు, తాతల నాటి నించి బొమ్మలాట ఇల్లు. ఇంట్లో మేం మాట్లాడేది మరాఠీ కలిసిన భాష, తెర వెనక పాడేది మాత్రం రంగనాథ రామాయణం ద్విపద, అట్టా పెరిగినాం. నేనిప్పుడు ఒంగోల్లో ఫ్లెక్సీ షాపులో చేస్తుండా కానీ మద్దెల చప్పుడు వినపడితే కాలు ఇప్పటికీ నిలవదు.

ముందు డబ్బుల సంగతి చెప్తా ఎందుకంటే అందరూ దాన్ని ఆఖర్న పెడతారు. పెద్దాయన్ని గెస్టుగా పిలిచి శాలువా కప్పి పంపించొద్దండి. మా నాయన దగ్గర శాలువాలు చానా ఉండేవి, బియ్యం ఉండేవి కావు. ఆయన వచ్చే ప్రతి రోజుకీ ఇంతని ముందే మాట్లాడుకోండి, మేస్త్రీకి రోజు కూలి ఎంతిస్తారో అంతకి తగ్గకుండా, రానూ పోనూ ఆటో, మధ్యాహ్నం భోజనం. ఒక్కడే రాడు కూడా, మద్దెలకి ఒకరు, హార్మోనీకి ఒకరు కావాలి, ఆయనకి తెలిసినవాళ్లు ఉంటారు, వాళ్లకీ ఇవ్వాలి. గురువుకి జీతం ఇస్తున్నాం అనుకోండి, సాయం చేస్తున్నాం అనుకోవద్దు.

బొమ్మల గురించి. పాత బొమ్మలు పిల్లకాయల చేతికి ఇవ్వొద్దు, ఇవ్వమని ఆయన్ని అడగొద్దు కూడా. కొంతమంది మొహమాటానికి సరే అంటారు, లోపల బాధపడతారు. మా ఇంట్లో బొమ్మ అంటే మనిషే. దేవుళ్ల బొమ్మలు, రాక్షసుల బొమ్మలు కలిపి పెట్టం, మధ్యలో గుడ్డ వేస్తాం. అరిగిపోయి ఇంక ఆడనప్పుడు చెత్తలో వెయ్యం, ఏట్లో కలుపుతాం. ఇప్పుడు మేకతోలుతో చేస్తారు కానీ వెనకటి బొమ్మల్లో దేవుళ్లకి జింక తోలు వాడినవి కూడా ఉండేవి, అది పలచగా ఉండి వెలుగు బాగా దాటుద్ది. అట్టాంటివి చిరిగితే మళ్లీ రావు. ఆయన ఆడించి చూపిస్తాడు, పిల్లకాయలు దగ్గర కూర్చుని చూస్తారు, అది చాలు మొదట్లో.

నేర్పడం అంటారా, మా ఇళ్లల్లో ఎవురూ బొమ్మతో మొదలుపెట్టలా. చిన్నప్పుడు తెర వెనక నిద్రపొయ్యేవాళ్లం, మెలకువ వస్తే తాళం చేతికిచ్చేవాళ్లు. తర్వాత ముళ్లు అందించే పని, అంటే సభలో కూర్చునే బొమ్మల్ని తెరకి ముల్లుతో గుచ్చి నిలబెడతారు కదా, ఏ బొమ్మ ఎప్పుడు కావాలో ముందే తెలిసి తీసి పెట్టాలి. ఆ పని చేస్తేనే కథ మొత్తం నోటికి వచ్చేస్తుంది, ఎవురూ కూర్చోబెట్టి చెప్పాల్సిన పని లేదు. ఆ తర్వాత కాలు. తెర కింద చెక్క పలకలు వేసి ఉంటాయి, యుద్ధం వస్తే వాటి మీద కాలితో తొక్కితే ఢమఢమ మోత, ఆ మోత మద్దెల దరువుతో కలవాలి, కాలికి గజ్జెలు. ఒక చేతిలో వాలి, ఇంకో చేతిలో సుగ్రీవుడు, నోట్లో ద్విపద, కింద కాలు. ఆడపిల్లలు గొంతు ఇవ్వాలి, మా దాంట్లో సీతకీ మండోదరికీ ఆడవాళ్లే పాడతారు, ఆడవాళ్లే మాట్లాడతారు, ఇది మగపిల్లల ఆట అనుకోవద్దు. ఆఖర్న వానర సైన్యం బొమ్మలు ఇస్తారు చిన్నోళ్లకి, కోతి బొమ్మ ఎట్టా ఎగిరినా తప్పులేదు కదా. రాముడి బొమ్మ పట్టుకోవాలంటే మీసాలు రావాల్సిందే మా తాత దగ్గర.

మీరు కూడా ఇదే వరస పెట్టండి. తాళం, కాలు, గొంతు, ఆ తర్వాతే బొమ్మ.


నెల్లూరు_పిల్లల_నాటకం:

టీచర్ గారూ, నేను నెల్లూరులో స్కూలు పిల్లలతో నాటకాలు చేయిస్తుంటా, సెలవుల్లో వర్క్‌షాపులు, మామూలు రోజుల్లో సాయంత్రం పూట. తోలుబొమ్మలాట వంశం కాదు, కాబట్టి పై అన్న చెప్పిన దాంట్లో నేను వేలు పెట్టను. పిల్లల వైపు నించి నాకు తెలిసింది చెప్తా.

కథ: విరాట పర్వం తీసుకోండి, అందులోనూ ఉత్తర గోగ్రహణం. మన ఊరి తిక్కన గారు భారతం మొదలుపెట్టిందే విరాట పర్వంతో, మీ పిల్లలకి అది సొంత ఊరి కథ. వాన రాకపోతే విరాట పర్వం చదివించడం, బొమ్మలాట ఆడించడం మన పల్లెల్లో ఉన్న ఆచారమే, పెద్దాయనకి ఈ కథ తప్పకుండా వచ్చి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం ఉత్తర కుమారుడు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవుల్ని చీల్చి చెండాడతా, సారథి లేడు గానీ అంటాడు, తీరా ఆ సైన్యాన్ని చూశాక రథం దిగి పరిగెత్తుతాడు, బృహన్నల వెంటపడి పట్టుకొస్తాడు. పద్నాలుగేళ్ల పిల్లాడికి ఇంతకంటే దగ్గరి పాత్ర ఏముంటుంది? ఉత్తర కుమార ప్రగల్భాలు అనే మాట వాళ్లు ఇంట్లో రోజూ వింటుంటారు, ఆ మాట వెనక మనిషిని తెర మీద చూస్తే ఎట్టా ఉంటుందో ఊహించండి. కొట్లాట ఉంది, నవ్వు ఉంది, వేషం మార్చుకుని దాక్కున్న మనుషులు ఉండారు, పైగా ఒక గంటలో అవుతుంది.

పది నిమిషాల దగ్గర మాత్రం తగ్గొద్దండి. హెచ్ఎం గారితో గొడవ పడమని కాదు, యాన్యువల్ డేని వదిలెయ్యండి. ఆ రోజు మైకు గోల, రికార్డింగ్ డాన్సులు, పిల్లలకి టెన్షన్, అక్కడ బొమ్మలాట ఆనదు. ఇంకో రోజు రాత్రి, స్కూలు గ్రౌండులోనో రామాలయం ముందో, ఊరి జనం చాప తెచ్చుకుని కూర్చునేట్టు పెట్టండి. ఆట పుట్టింది అట్టాంటి చోటే కదా. యాన్యువల్ డేకి కావాలంటే పిల్లలు వినాయకుడి ప్రార్థన ఒక్కటి ఆడి, ఫలానా రోజు పూర్తి ఆట ఉంది రండి అని పిలిస్తే సరిపోతుంది.

పిల్లలు సొంతంగా బొమ్మలు చేసుకోవాలి, ఇది నేను చాలా గట్టిగా చెప్తున్నా. తోలు వద్దు. మందం బ్రౌన్ పేపర్ తీసుకుని బొమ్మ గీసి రంగులేసి రెండు వైపులా కొబ్బరినూనె పల్చగా పూసి ఒక రాత్రి ఆరనిస్తే వెలుతురు దాటుతుంది, రంగు కూడా కనపడుతుంది. నగలు, కిరీటం దగ్గర చిన్న చిన్న చిల్లులు పొడిస్తే వెలుగు చుక్కలు చుక్కలుగా వస్తుంది, పెద్దాయన బొమ్మల్లో ఉలితో చేసేది అదే పని. భుజం, మోచెయ్యి దగ్గర దారంతో ముడి, మధ్యలో వెదురు బద్ద చీల్చి బొమ్మని ఇరికించి కట్టాలి. దీపం దగ్గర కొంచెం జాగ్రత్త. పిల్లలతో నూనె దీపాలు వద్దు, గుడ్డ తెర, నూనె కాగితాలు, అగ్గి కలిస్తే ప్రమాదం. అట్లాగని ట్యూబ్ లైట్, ప్యానెల్ లైట్ పెడితే నీడ పల్చబడి అలుక్కుపోతుంది. పాతకాలం ఫిలమెంట్ బల్బు ఒక్కటి, మనిషి తల కంటే కొంచెం ఎత్తులో. బొమ్మ తెరకి ఆనితే గీత గీసినట్టు కనపడుతుంది, వెనక్కి లాగితే పెద్దదై మసకబారుతుంది, ఈ ఒక్క సంగతి పిల్లలకి చూపించి వదిలెయ్యండి, వాళ్లే ఆడుకుంటా పది రకాలు కనిపెడతారు, మాయమవడం, ఎగరడం, దూరం నించి రావడం. నేను ప్రతిసారీ చూస్తున్నా, చదువులో వెనకబడిన పిల్లలే ఇందులో ముందుంటారు, నోరు విప్పని పిల్ల తెర వెనక నిలబడితే గొంతు విప్పుద్ది, ఎందుకంటే జనం తనని చూడట్లేదు, బొమ్మని చూస్తున్నారు.

జపాన్‌లో నో అనే నాటక పద్ధతి ఉంది, దానికి గురువు లాంటి జెయామీ 600 ఏళ్ల కిందట పిల్లల శిక్షణ గురించి రాశాడు. ఏడేళ్లకి మొదలుపెట్టాలి, ఆ వయసులో పిల్లాడు తనంతట తాను ఏం చేస్తే దాన్ని చెయ్యనివ్వాలి, ఇది బాగుంది ఇది బాలేదని మరీ పట్టి పట్టి చెప్తే వాడికి ఆసక్తి చచ్చిపోతుంది అంటాడు. అంత కట్టుదిట్టమైన కళ ఉన్న చోట ఆ మాట అన్నాడంటే మనం ఎంత వినాలి. మీ పిల్లల్ని మొదటి వారం పెద్దాయన ఏమీ అనకుండా చూడండి. తర్వాత ఆయనే తిడతాడు, అప్పటికి వాళ్లకి ఆయన మీద ప్రేమ వచ్చి ఉంటుంది కాబట్టి పడతారు.

ఇంకోటి, కథ నేర్చుకున్నాక పిల్లల్ని సొంత కథ కూడా ఒకటి కట్టనివ్వండి. మీ ఊరి చెరువు, రొయ్యల గుంటలు, బస్సు రాకపోవడం, ఏదైనా.


దర్శి_బొమ్మల_ఇల్లు:

నెల్లూరు అన్నా, అన్నీ బాగా చెప్పారు కానీ ఆ చివరి మాట దగ్గర నాకు అడ్డం పడింది. కొత్త కథ అని చెప్పి మా నాయన చేత కుటుంబ నియంత్రణ ఆడించారు, ఎయిడ్స్ ఆడించారు, మరుగుదొడ్లు ఆడించారు. డబ్బులొచ్చినాయి, కాదన్ను, ఆ డబ్బులతోనే మేం తిన్నాం. కానీ పదేళ్లు అవే ఆడేసరికి సుందరకాండ సగం మర్చిపోయినాడు ఆయన. రాముడి బొమ్మ పట్టుకుని సబ్బుతో చేతులు కడుక్కోండి అని చెప్పించడం మా ఇంట్లో ఎవురికీ మింగుడు పడలా.


సింగపూర్‌లో_కోవూరు:

నేను కోవూరు మనిషిని, ఉద్యోగం సింగపూర్‌లో. ఇక్కడి నించి జావా దగ్గరే, జోగ్జకర్తాలో వయాంగ్ కులిత్ చూశాను, వాళ్ల తోలుబొమ్మలాట. పైన మీ ఇద్దరి మధ్య నడుస్తున్న ముచ్చటకి దాంట్లో ఒక జవాబుందని నాకనిపిస్తుంది, అందుకే రాస్తున్నా.

వాళ్లకీ కథ రామాయణం, భారతమే. ఒక్క మనిషి, దలాంగ్ అంటారు, తెల్లారేదాకా కాళ్లు ముడుచుకుని కూర్చుని అన్ని బొమ్మలూ ఆడిస్తాడు, అన్ని గొంతులూ తనవే, పాదంతో ఇత్తడి రేకుల్ని తన్ని యుద్ధం చప్పుడు చేస్తాడు. దర్శి అన్న పలకల సంగతి రాస్తే నాకు ఒళ్లు పులకరించింది, సముద్రం అవతల కూడా కాలే మాట్లాడుతుంది. అయితే వాళ్ల ఆటలో సెమార్ అని ఒక ముసలి సేవకుడు, పెట్రుక్, గారెంగ్, బాగోంగ్ అని అతని కొడుకులు ఉంటారు. వ్యాసుడి భారతంలో లేరు వాళ్లు, జావా వాళ్లు చేర్చుకున్నారు. అర్ధరాత్రి దాటాక వీళ్లు తెర మీదికొస్తారు, ఊరి సంగతులు, ధరలు, సర్పంచి లాంటివాళ్ల మీద మాటలు, ఏది కావాలంటే అది మాట్లాడతారు, జనం పడీ పడీ నవ్వుతారు. అర్జునుడు మాత్రం అర్జునుడి భాషే మాట్లాడతాడు, వాడి నోట్లో కొత్త మాట పెట్టరు.

మన జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు చేసేది అదే కదా! మన పెద్దవాళ్లే వదిలిపెట్టిన ఖాళీ అది. పిల్లలు తమ ఊరి సంగతులు, తమ జోకులు అక్కడ పెట్టుకోవచ్చు, చెరువు గురించి బంగారక్క అడగొచ్చు, బస్సు గురించి పోలిగాడు తిట్టొచ్చు. రాముడి బొమ్మకి సబ్బు పట్టుకోవాల్సిన పని లేదు. టీచర్ గారి పచ్చి జోకుల సమస్య కూడా దాంతోనే తీరుతుంది, పాత జోకు తీసేసి ఖాళీ వదిలితే చప్పగా ఉంటుంది, కొత్త జోకు పిల్లలే కడితే చప్పగా ఎందుకుంటుంది? పెద్దాయన విని ఇది పోలిగాడు అనే మాట, ఇది అనడు అని చెప్తాడు, ఆ తేడా పట్టుకోవడమే పిల్లలు నేర్చుకునే అసలు విద్య.

వీడియో గురించి. తియ్యండి, తప్పకుండా తియ్యండి, తెర ముందు నించి ఒకటి, తెర వెనక నించి ఒకటి, ఆయన చేతులూ కాళ్లూ కనపడేట్టు. కానీ వీడియో తీసి ఇంక కాపాడేశాం అనుకోవడం పొరపాటు. వయాంగ్‌ని 2003లో యునెస్కో మానవజాతి వారసత్వంగా ప్రకటించింది, కేరళ గుళ్లలో ఆడే సంస్కృత నాటకం కూడియాట్టాన్ని 2001లో. కూడియాట్టం నిలబడింది ఆ ప్రకటన వల్ల కాదు. అంతకు చాలా ముందే, పైంకుళం రామ చాక్యార్ దాన్ని గుడి లోపలి నించి బయటికి తెచ్చి ఆడాడు, 1965లో కేరళ కళామండలంలో శాఖ పెట్టి చాక్యార్ కులం కాని పిల్లలకి కూడా ఆయనే నేర్పాడు. అప్పట్లో సొంతవాళ్లే తప్పు పట్టారు. జపాన్‌లో బున్రాకు బొమ్మలాటకి కూడా 1972లో జాతీయ నాటకశాల వాళ్లు ట్రైనింగ్ మొదలుపెట్టారు, ఏ ఇంట్లో పుట్టినా చేరొచ్చని. కంబోడియాలో స్బెక్ థోమ్ అని మనిషంత తోలుబొమ్మలతో రామాయణం ఆడతారు, 1975 నించి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనేవాళ్ల పాలనలో కళాకారుల్ని చంపేశారు, మిగిలిన కొద్దిమంది ముసలివాళ్లు మళ్లీ కుర్రవాళ్లని కూర్చోబెట్టి నేర్పితే లేచింది. ఎక్కడ చూసినా పని చేసింది ఇదే, పెద్దమనిషి ఒకడు, ఆయన ఎదురుగా పిల్లలు, మధ్యలో బొమ్మ.


ఒంగోలు_సంతపేట_అమ్మ:

అందరూ బాగా రాశారండి. నేను ఒక తల్లిగా అడుగుతున్నా, తప్పుగా అనుకోవద్దు. మా అమ్మాయి 9వ తరగతి. స్కూల్లో ఇట్లాంటిది పెడితే నాకూ సంతోషమే, కానీ వచ్చే సంవత్సరం టెన్త్, సాయంత్రం ప్రాక్టీసులంటే ఇంటికి చీకటి పడతది, ఆడపిల్లల్ని పంపించాలంటే భయం. మా ఆయన నాటకాలంటే చదువు అటకెక్కినట్టే అంటారు. ఇట్లాంటి తల్లిదండ్రులకి టీచర్ గారు ఏం చెప్తారు?


అద్దంకి_బస్టాండ్:

అమ్మా, మీ ఆయనకి టంగుటూరి ప్రకాశం పంతులు గారి సంగతి చెప్పండి, మీ ఒంగోల్లోనే కదా. చిన్నప్పుడు ఒంగోల్లో మిషన్ స్కూలు మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు నాటకాలు ఆడిస్తుంటే ఈయన ఆడవేషాలు కట్టేవాడు. ఆ నాయుడు గారే తర్వాత రాజమండ్రికి తీసుకెళ్లి చదివించాడు. ఆ పిల్లాడే బారిస్టరై 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. నాటకం చదువు చెడగొట్టలేదు, నాటకం ఆడించిన మాస్టారే చదువుకి దారి చూపించాడు.

టీచర్ గారికి ఒక మాట. మీ కావలికి ఉత్తరంగా కందుకూరు ఉంది కదా, 16వ శతాబ్దంలో కందుకూరి రుద్రకవి సుగ్రీవ విజయం రాసింది ఆ ఊరి జనార్దన స్వామికే. మనకి దొరుకుతున్న యక్షగానాల్లో మొదటిది అదే అంటారు. వచ్చే ఏడు దాన్ని బొమ్మలతో ఆడించండి, వాలి సుగ్రీవుల పోట్లాట దర్శి అన్న చెప్పిన పలకల మీద ఎట్టా మోగుద్దో. ఇంత పాత నాటకం మన నేల మీద పుట్టిందని మన పిల్లకాయల్లో ఒక్కరికి తెలీదు, బాధేస్తుంది.


కావలి_తెలుగు_టీచర్:

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, చేతులెత్తి దణ్ణం పెడుతున్నా.

ఒంగోలు అమ్మ గారూ, మీ భయం న్యాయమైందే. మాకు ప్రాక్టీసు సాయంత్రం కాదు, మధ్యాహ్నం చివరి పీరియడ్లు రెండు, వారంలో మూడు రోజులు, హెచ్ఎం గారు ఒప్పుకున్నారు. రాత్రి ఆట ఒక్కటే రాత్రి, ఆ రోజు పిల్లల తల్లిదండ్రులు అక్కడే ఉంటారు. 10వ తరగతి వాళ్లని తీసుకోవట్లా. ద్విపద నోటికి వచ్చిన పిల్ల తెలుగు పేపరు చూసి జంకదు, ఇది మాత్రం నేను తెలుగు టీచర్‌గా గట్టిగా చెప్పగలను.

నేను నిర్ణయించుకున్నవి చెప్తా. ఉత్తర గోగ్రహణమే. ఈ రోజు పెద్దాయనకి ఫోన్ చేసి కథ పేరు చెప్పగానే అవతల నించి బృహన్నల మాట అందుకుని పాడడం మొదలుపెట్టాడు, ఎండలో రోడ్డు మీద నిలబడి వింటా ఉండిపోయా. బ్రౌన్ పేపర్ బొమ్మలు డ్రాయింగ్ సార్ చేయిస్తానన్నాడు. పాత బొమ్మలు ఆయన చేతుల్లోనే ఉంటాయి, ఉత్తరుడూ బృహన్నలా పిల్లకాయల కాగితం బొమ్మలు, కౌరవ సైన్యంలో భీష్ముడు, ద్రోణుడు ఆయన తోలుబొమ్మలు, రెండూ ఒకే తెర మీద. ఇట్టా కలపొచ్చా అని దర్శి తమ్ముణ్ణి అడుగుతున్నా. మద్దెలకి ఇంకా మనిషి దొరకలేదు, పెద్దాయన చెప్పినాయన ఇప్పుడు లేడంట.

డబ్బుల సంగతి, మా పూర్వ విద్యార్థులు కొంత వేస్తామన్నారు, రోజు కూలి లెక్కనే మాట్లాడా.


నెల్లూరు_పిల్లల_నాటకం:

డబ్బుల దారి ఇంకోటి చెప్తా టీచర్ గారూ. సీసీఆర్టీ అని కేంద్ర సాంస్కృతిక శాఖ కింద 1979 నించి ఉంది, మనకి దగ్గర కేంద్రం హైదరాబాద్. సంప్రదాయ కళలు నేర్చుకునే 10 నించి 14 ఏళ్ల పిల్లలకి వాళ్లు స్కాలర్‌షిప్ ఇస్తారు, కళాకారుల కుటుంబాల పిల్లలకి అందులో విడిగా చోటు ఉంటుంది. ఆ మనవడి వయసు దాటిపోకముందే అప్లై చేయించండి. గురువుగా తాత పేరే పెట్టొచ్చా లేదా అనేది మాత్రం వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. టీచర్లకి కూడా చదువులో బొమ్మలాట వాడకం మీద ట్రైనింగులు పెడతారు, మీ డీఈవో ఆఫీసు ద్వారా అడగండి. తంజావూరులో ఉన్న సౌత్ జోన్ కల్చరల్ సెంటర్ పరిధిలోకి మన రాష్ట్రం కూడా వస్తుంది, గురు శిష్య పరంపర స్కీము వాళ్లదే. కాగితాల పని విసుగే కానీ ఒకసారి పెద్దాయన పేరు రికార్డుల్లోకి ఎక్కితే తర్వాత ఆయనకే ఉపయోగం.


దర్శి_బొమ్మల_ఇల్లు:

అక్కా, కలపొచ్చు. మా అమ్మని అడిగే చెప్తున్నా. ఒక్క మాట మాత్రం పాటించండి, మొదట తెర మీదికి వచ్చే వినాయకుడు తోలుబొమ్మే ఉండాలి, ఆయనే ఎక్కించాలి. ఆ తర్వాత ఎవురి బొమ్మ ఎప్పుడొచ్చినా పర్లేదు. కాగితం బొమ్మలు మరీ చిన్నవి చెయ్యొద్దు, ఆయన బొమ్మ పక్కన తేలిపోతాయి, మూడడుగులన్నా ఉండాలి. బొమ్మని ఒక వైపు నించి ఇంకో వైపుకి తిప్పేటప్పుడు తెర నించి జానెడు వెనక్కి లాగి, మసకలో తిప్పి, మళ్లీ ఆనించాలి, తెర మీదే తిప్పితే కాగితం సన్నటి గీతలాగా కనపడి జనానికి బొమ్మ చచ్చిపోయినట్టు ఉంటుంది. ఇది పెద్దాయన చేత వంద సార్లు చేయించి పిల్లకాయలకి చూపించండి.

కోవూరు అన్న రాసిన సెమార్ సంగతి అమ్మకి చెప్పాను. పోలిగాడి దగ్గర పిల్లకాయలు ఏం కట్టుకున్నా నాకు ఇప్పుడు అభ్యంతరం లేదు. మా అమ్మకి బంగారక్క మాటలు ఇప్పటికీ చానా గుర్తున్నాయి, పిల్లకాయలకి పనికొచ్చేవి ఏరి ఫోన్లో రికార్డు చేసి పంపిస్తానంది, మీ ఆడపిల్లలకి వినిపించండి. యాస మార్చొద్దని చెప్పమంది.

మద్దెలకి ఎవురూ దొరక్కపోతే నేనొస్తా. ఆదివారాలు షాపు సెలవు, ఒంగోలు నించి కావలికి పొద్దున పాసింజర్ ఎక్కితే పది లోపల మీ ఊళ్లో ఉంటా. నాకు డబ్బులేం వద్దు, ఆయనకిచ్చే దాంట్లో తగ్గించొద్దు. నంబరు మెసేజిలో పెడతా, పెద్దాయన శ్రుతి ఎంతో కనుక్కుని చెప్పండి, మద్దెల దానికి కట్టుకుని తెస్తా.